పోలీసులు చాలరంటున్నారు, కాలనీ దగ్గర 3.4 లక్షలున్నాయి: ఔట్‌పోస్టా, కెమెరాలా, గూర్ఖానా?

వేపచెట్టు_వీధి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర, హైవే సర్వీసు రోడ్డుకి ఆనుకుని ఉన్న కాలనీ మాది. ఊరి పేరు రాయను, ఆ స్టేషన్ వాళ్ళతో మళ్ళీ పని పడుతుంది కదా. 420 ఇళ్ళు, వెనక కాలవకట్ట, ముందు హైవే. కాలనీ సంఘానికి నేను కార్యదర్శిని. జీతం లేదు, తిట్లు మాత్రం నెలనెలా టైముకి అందుతాయి.

దసరా నుంచి ఇప్పటిదాకా మా దగ్గర 14 దొంగతనాలు జరిగాయి. గొలుసులు లాగడం, బండ్లు పోవడం, నీళ్ళ మోటార్లు విప్పుకుపోవడం, తాళం వేసిన రెండిళ్ళలో చోరీ. సంక్రాంతికి సగం కాలనీ ఊళ్ళకెళ్ళాలంటేనే భయపడింది, మా వియ్యంకుడైతే పండక్కి రమ్మంటే ఇల్లు వదిలి రానన్నాడు. మొన్న ఆరుగురం కలిసి స్టేషన్‌కి వెళ్ళాం. సీఐ గారు మర్యాదగానే కూర్చోబెట్టి టీ ఇప్పించారు గానీ, చెప్పిందల్లా ఒకటే, "మనుషులు లేరండీ. మీరే ఒక గది కట్టిస్తే ఔట్‌పోస్ట్‌కి రాస్తాం, లేదా కెమెరాలు పెట్టుకోండి" అని.

సంఘం ఖాతాలో 3 లక్షల 40 వేలుంది. వచ్చే ఆదివారం మీటింగ్. సగం మంది గది కట్టేద్దాం అంటున్నారు (స్థలం పార్కులో ఉంది). కుర్రాళ్ళు 16 కెమెరాలకి కొటేషన్ తెచ్చేశారు. పెద్దవాళ్ళు ఇద్దరు గూర్ఖాలని పెట్టుకుందాం, వెనకటి రోజుల్లో ఈల వేసుకుంటూ తిరిగితే దొంగ అనేవాడు వచ్చేవాడా అంటున్నారు. ఏది చేస్తే పని జరుగుతుంది? ఇలాంటివి చేసి చూసినవాళ్ళు చెప్పండి. ఇన్వర్టరు కొనుక్కోమనీ కుక్కని పెంచుకోమనీ సలహాలు వద్దు, కుక్కలు ఉన్నాయి, ఒకటి దొంగతో స్నేహం కూడా చేసింది.

తాడికొండ_రాముడు

గూర్ఖాలే కరెక్టు. నెలకి ఇంటికి 60 రూపాయలు పడుతుంది. పోలీసుల వెంట తిరిగితే చెప్పులు అరుగుతాయి అంతే.

పాత_హెచ్‌సీ

నేను 31 ఏళ్ళు చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను, మూడు జిల్లాల్లో పనిచేశాను. గది మాత్రం కట్టకండి బాబూ. నా సర్వీసులో జనం చందాలతో కట్టిన ఔట్‌పోస్టులు ఐదు చూశాను, ఓపెనింగ్ రోజు కొబ్బరికాయ, ఫోటో, నెల రోజులు ఒక హోంగార్డు, తర్వాత తాళం. ఒకదాంట్లో పక్క టిఫిన్ బండివాడు గ్యాస్ సిలిండర్లు పెట్టుకునేవాడు. తప్పు వాళ్ళదీ కాదు. ఔట్‌పోస్ట్ అంటే గది ఒక్కటే కాదు కదా, రోజుకి మూడు షిఫ్టులు, వారానికి ఏడు రోజులు, సెలవులు కలుపుకుంటే ఒక్క కుర్చీలో ఎప్పుడూ ఒక మనిషి కూర్చోవాలంటే నలుగురైదుగురు కావాలి. ఆ ఐదుగురూ ఎక్కణ్ణుంచి వస్తారు? మీ చుట్టూ తిరిగే బీట్‌లోంచే తీస్తారు.

సీఐ గారు మనుషులు లేరన్నది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. నేను చివర చేసిన స్టేషన్ లెక్క చెప్తా, కాగితం మీద 46 మంది. వచ్చి చేరినవాళ్ళు 37. అందులో స్టేషన్ రికార్డులు రాసే రైటర్, అతనికి సహాయం ఒకరు. కేసులు ఎక్కించే సీసీటీఎన్ఎస్ కంప్యూటర్ దగ్గర ఇద్దరు. కోర్టు పనికి ఇద్దరు, సాక్షుల్ని తేవడం, వారెంట్లు, వాయిదాలు. పారా డ్యూటీకి, అంటే స్టేషన్ కాపలాకి ముగ్గురు. సమన్లు తిప్పేవాడు ఒకడు. జీపు డ్రైవర్లు. క్రైమ్ పార్టీ నలుగురు, వాళ్ళు మఫ్టీలో ఎక్కడో ఒంగోలులోనో ఖమ్మంలోనో దొంగల కోసం తిరుగుతుంటారు. పై ఆఫీసులకి డెప్యుటేషన్ మీద నలుగురు, పేరు మా స్టేషన్‌ది, పని ఇంకెక్కడో. సెలవుల్లో ఉన్నవాళ్ళు, సిక్ పెట్టినవాళ్ళు. ఇవన్నీ పోగా రాత్రి రోడ్డు మీద తిరగడానికి మిగిలేది ఆరుగురు, మంచి రోజైతే ఎనిమిది. ఇక బందోబస్తు వస్తే అదీ లేదు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళు, వినాయక చవితికి నిమజ్జనాలు, మంత్రి గారి పర్యటన, అసెంబ్లీ సమావేశాలు. 2016 కృష్ణా పుష్కరాలకి 12 రోజులు నేను ఘాట్ మీదే ఉన్నా, మా స్టేషన్‌లో ఎవరున్నారో నాకే తెలీదు.

మా ఒక్క స్టేషన్ సంగతే కాదు. దేశం మొత్తం మీద 2022 మొదట్లో లెక్క తీస్తే లక్ష మందికి మంజూరైన పోలీసులు 195 పైన, నిజంగా ఉన్నది 155 లోపు. అందులో తుపాకులు పట్టుకుని బెటాలియన్లలో ఉండేవాళ్ళు కూడా కలిసే ఉన్నారు, మీ వీధికి వచ్చేవాళ్ళు కాదు.

అందుకని ఇంకా మనుషులని పంపండి అని అడిగితే చెయ్యి ఊపేస్తారు. ఉన్న ఆరుగురూ ఏ టైములో ఎక్కడ తిరుగుతున్నారో అడగండి. అది అడిగేవాడు వస్తే స్టేషన్‌లో కుర్చీలు సర్దుకుంటారు.

సుజాత_తెనాలి

బాబాయ్ గారు చెప్పింది చదివాక ఒక సంగతి అడగాలనిపించింది. వేపచెట్టు గారూ, 14 జరిగాయన్నారు, ఏయే టైముల్లో జరిగాయో మీ దగ్గర రాసుకున్నారా? ఎందుకంటే మా అమ్మ గొలుసు పోయింది రాత్రి కాదు. ధనుర్మాసం, తెల్లారి 5:40. కళ్ళాపి చల్లి వంగి ముగ్గు వేస్తుంది, చుక్కలు పెట్టడం అయిపోయి గీతలు కలుపుతోంది, చేతిలో ముగ్గు పిండి, ఇద్దరు బండి మీద వచ్చి ఫలానా వాళ్ళ ఇల్లెక్కడమ్మా అని అడిగారు. ఆవిడ లేచి చెయ్యి చూపించే లోపు అయిపోయింది. మూడు కాసులు. మెడ మీద గీత ఇప్పటికీ ఉంది. ఆ పూట సగం వేసిన ముగ్గు అలాగే ఉండిపోయింది, సాయంత్రం నేనే కడిగేశాను.

అప్పుడు మేం స్టేషన్‌కి వెళ్తే "రాత్రి బీట్ పెంచుతాం" అన్నారు. రాత్రి కాదు సార్ తెల్లారి అని ఎంత చెప్పినా రాత్రి బీటే పెంచారు.

ఇంకోటి. మీ 14లో ఎన్నిటికి ఎఫ్ఐఆర్ అయ్యిందో కూడా చూడండి. మాకు ముందు పిటిషన్ తీసుకుని వెళ్ళండమ్మా దొరికితే చెప్తాం అన్నారు. మా తమ్ముడు పట్టుబట్టి కూర్చుంటే మర్నాటికి కట్టారు. ఇప్పుడు కొత్త చట్టంలో, 2024 జులై 1 నుంచి, గొలుసు లాగడం విడిగా ఒక నేరం, బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 304. ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీ గారికి పోస్టులో పంపొచ్చు. ఇవన్నీ నేను లాయరుని కాదు, అమ్మ గొలుసు వల్ల నేర్చుకున్నా.

పాత_హెచ్‌సీ

అమ్మాయ్ నువ్వు చెప్పింది నూటికి నూరు. నైట్ బీట్ 11కి ఎక్కుతాం, 5కి దిగుతాం. నేనూ 5కే దిగేవాణ్ణి, ఆరింటికి ఇంట్లో పడుకునేవాణ్ణి. పొద్దుటి వాళ్ళు రోల్‌కాల్ అయ్యి రోడ్డెక్కేసరికి ఎనిమిది. ఆ మధ్యలో స్టేషన్‌లో ఉండేది పారా వాడు, రైటరు. ఆ సంగతి మీకు తెలియకపోయినా దొంగకి తెలుసు, వాడికి అదే కదా బతుకు.

ఎఫ్ఐఆర్ మాట కూడా నిజమే. ఎందుకు కట్టరంటే నెలాఖరు క్రైమ్ మీటింగ్‌లో "నీ స్టేషన్‌లో ప్రాపర్టీ కేసులు ఎందుకు పెరిగాయి" అని సీఐని నిలబెడతారు. కట్టకపోతే పెరగవు. పెరగకపోతే మీ కాలనీ ప్రశాంతంగా ఉన్నట్టు. ప్రశాంతంగా ఉన్నచోటికి బీట్ ఎందుకు వేస్తారు? తిట్టు తప్పించుకోవడానికి కట్టని కేసే రేపు మీకు మనిషిని రాకుండా చేస్తుంది.

వేపచెట్టు_వీధి

నిన్న రాత్రి కూర్చుని మా వాచ్‌మన్ నోట్‌బుక్కు, వాట్సాప్ గ్రూపు మెసేజీలు, బాధితుల ఫోన్లు, అన్నీ కలిపి చూశాను. సుజాత గారూ మీకు దణ్ణం.

14లో టైము తెలిసినవి 9. మిగతావి పొద్దున లేచి చూస్తే లేదు అన్నవి, మోటార్లూ ఇంకో రెండు బండ్లూ. ఆ 9లో 7 తెల్లారి 4:45కీ 6:45కీ మధ్యే! గొలుసులు ఐదూ అప్పుడే (అందులో రెండు తెగలేదు, ఒకావిడ ముగ్గు గిన్నె మొహాన కొట్టిందట, ఆవిడకి సంఘం తరపున శాలువా కప్పుతాం). రెండు బండ్లు మెడికల్ షాపు కెమెరాలో 5:20కి ఒకటి, 5:40కి ఒకటి వెళ్ళడం కనపడింది. రాత్రి 2కి జరిగింది ఒక ఇంటి చోరీ. ఇంకోటి పట్టపగలు 11కి, వాళ్ళు పెళ్ళికి వెళ్ళారు.

ఇంకా చెప్తే నవ్వుతారు. కాలనీకి 11 వీధులుంటే ఆ 7లో 6 రెండే వీధుల్లో. 8, 9. రెండూ కాలవకట్ట మీదకి తేలేవి. కట్ట మీద లైటు లేదు, కట్ట పట్టుకుంటే మూడు నిమిషాల్లో సర్వీసు రోడ్డు.

మరి బీట్‌కి వచ్చిన పోలీసు టైము వేసి సంతకం పెట్టే పాయింట్ బుక్ ఎక్కడుంది? 1వ వీధిలో రామాలయం గోడకి. పొద్దున వెళ్ళి చూశాను. 1:10, 2:30, 3:50 అని మూడు సంతకాలు, మూడూ ఒకే సిరాతో ఒకే వాలుతో, కింద పేజీ వెనక్కి తిప్పితే నిన్నటివీ అలాగే. ఒకేసారి పెట్టారని నేననడం లేదు, మీరూ అనకండి.

ఎఫ్ఐఆర్‌లు నాలుగే. రెండిళ్ళకీ, ఒక గొలుసుకీ, ఇన్సూరెన్స్ కోసం ఒక బండికీ. అంటే స్టేషన్ లెక్కలో మా దగ్గర జరిగింది 14 కాదు, 4.

అర్థశాస్త్రం_సార్

డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను, ఇది మా సబ్జెక్టే, కాబట్టి కాస్త పొడుగు రాస్తా, ఓపికుంటే చదవండి.

రాజస్థాన్ పోలీసుల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో (2019లో నోబెల్ వచ్చినవాళ్ళే), డేనియల్ కెనిస్టన్, వాళ్ళతో నీనా సింగ్ అనే ఐపీఎస్ ఆఫీసరు కలిసి ఒక పని చేశారు. 2010, 11 సంవత్సరాల్లో తాగి బండి నడిపేవాళ్ళని పట్టుకునే రాత్రి తనిఖీలు. కొన్ని స్టేషన్లలో ఎప్పుడూ ఒకేచోట, అంటే అన్నిటికన్నా మంచి చోటనుకున్న దగ్గర తనిఖీ. ఇంకొన్ని స్టేషన్లలో మూడు చోట్ల మధ్య చెప్పకుండా మార్చుతూ. మనిషి ఖర్చు దాదాపు ఒకటే. ఒకేచోట పెట్టినదానికి చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు, తాగినోళ్ళు పక్క సందులోంచి పోయారు. మార్చుతూ పెట్టిన దగ్గర రాత్రి ప్రమాదాలు 17 శాతం, చావులు 25 శాతం తగ్గాయి. అందులోనే ఇంకో ముచ్చట ఉంది, మామూలు స్టేషన్ సిబ్బంది కన్నా పోలీస్ లైన్స్ (రిజర్వు పోలీసులుండే చోటు) నుంచి ఈ పనికోసమే తెచ్చిన టీములు బాగా చేశాయి. స్టేషన్ వాళ్ళకి వంద పనులుంటాయి, పైన హెచ్‌సీ గారు లెక్క చెప్పనే చెప్పారు.

మీ పాయింట్ బుక్ సంగతీ ఇదే. రోజూ గుడి గోడ దగ్గరే సంతకం అంటే, పోలీసు ఎక్కడ ఉండడో దొంగకి కాగితం మీద రాసిచ్చినట్టు.

అదే బృందం అంతకుముందు ఆ రాష్ట్రంలోనే 11 జిల్లాల్లో 162 స్టేషన్లలో ఇంకొన్ని ప్రయత్నించి చూసింది. ఊరివాళ్ళని స్టేషన్‌లో కూర్చోబెట్టి గమనించమనడం, వారాంతపు సెలవు లాంటివి పెద్దగా పనిచేయలేదు. పనిచేసినవి రెండు. సిబ్బందికి శిక్షణ, బదిలీలు ఆపడం. సెలవు పనికిరాదని కాదు నేననేది, పై నుంచి ఆర్డరు వచ్చినా కింద సరిగా అమలు కాలేదు. 2019 జూన్‌లో మన దగ్గర కూడా పోలీసులకి వారాంతపు సెలవు ప్రకటించారు, ఎంతమందికి అందుతోందో హెచ్‌సీ గారి శిష్యుల్ని అడగండి.

కేన్సస్_కృష్ణ

నేనుండేది అమెరికాలో కేన్సస్ సిటీ పక్కన, మాది సత్తెనపల్లి. సార్ రాసింది చదివి ఈ ఊరి సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నా. 1972 అక్టోబరు నుంచి ఏడాది పాటు ఇక్కడి పోలీసులు 15 బీట్లు (గస్తీ ప్రాంతాలు) తీసుకుని మూడు వాటాలు వేశారు. ఐదింటిలో గస్తీ కారు తిరగదు, ఫోన్ వస్తేనే వెళ్తుంది. ఐదింటిలో మామూలుగా. ఐదింటిలో రెండు మూడు రెట్లు కార్లు. ఏడాదయ్యాక చూస్తే నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, జనం భయంలోనూ లేదు, చాలామందికి కారు తగ్గిందనీ పెరిగిందనీ కూడా తెలియలేదు.

అంటే పోలీసు వద్దని కాదు. ఊరికే అంతా చుట్టూ తిరిగితే లాభం లేదని. తర్వాత మిన్నియాపోలిస్‌లో పోలీసులకి వచ్చిన ఫోన్ కాల్స్ లెక్క తీస్తే (1989లో అచ్చయింది) ఊళ్ళో 3 శాతం చిరునామాల నుంచే సగం పైగా కాల్స్ వచ్చాయి. మీ 8, 9 వీధుల్లాగే. అక్కణ్ణుంచే ఇక్కడ పోలీసులు ఆ నాలుగు చోట్లకీ వెళ్ళి పది పదిహేను నిమిషాలు నిలబడి, మనుషులతో మాట్లాడి, కదిలి ఇంకోచోటికి వెళ్ళడం మొదలుపెట్టారు. గంటలు గంటలు నిలబడక్కర్లేదు.

కెమెరా_బాషా

నేను ఇదే వ్యాపారం, అయినా నిజం చెప్తా. 16 వద్దు, 6 చాలు. కాలనీలోకి వచ్చే దారులు, పోయే దారులు, అంతే. కుర్రాళ్ళు తెచ్చిన కొటేషన్‌లో అన్నీ స్తంభం పైన 18 అడుగుల ఎత్తుకి ఉంటాయి, ఖాయం. ఆ ఎత్తు నుంచి దొంగ టోపీ కనపడుతుంది, మొహం కనపడదు. బండి నంబరు పట్టాలంటే కాస్త కిందికి, దారికి ఎదురుగా, రాత్రి హెడ్‌లైటు పడ్డా నంబరు తెల్లగా మండిపోకుండా సెట్ చేసింది ఉండాలి, అలాంటివి రెండు చాలు, కట్ట చివర ఒకటి సర్వీసు రోడ్డు దగ్గర ఒకటి. మిగతా డబ్బు మెయింటెనెన్స్‌కి దాచుకోండి. నేను పెట్టిన కాలనీల్లో రెండో ఏడాదికి సగం కెమెరాలు గుడ్డివే, కోతి తీగ లాగిందనో యూపీఎస్ పోయిందనో. మీ షాపుల వాళ్ళతో కూడా మాట్లాడండి, 2013 పబ్లిక్ సేఫ్టీ చట్టం ప్రకారం జనం ఎక్కువగా వచ్చే చోట్ల వాళ్ళే పెట్టుకోవాలి, ఫంక్షన్ హాలు ఉంటే ముందు దాన్ని అడగండి.

ఇంకా ఊళ్ళకెళ్ళేవాళ్ళకి ఎల్‌హెచ్ఎంఎస్ యాప్ ఉందిగా, రిజిస్టర్ చేసి అడిగితే పోలీసులే వచ్చి తాళం వేసిన ఇంట్లో కెమెరా పెడతారు, మనిషి కదిలితే కంట్రోల్ రూముకి మోగుతుంది. ఫ్రీ. మీ స్టేషన్‌లో కెమెరాలు ఎన్ని మిగిలాయో పండక్కి పది రోజుల ముందే అడగండి.

కట్టమీద_పేట

ఇందాకటి నుంచి చదువుతున్నా. కాలవకట్ట, కాలవకట్ట అని అందరూ అంటున్నారు, ఆ కట్ట మీద మేం ఉంటాం. మీ కాలనీ పక్కన కాకపోవచ్చు, ఇలాంటి కట్ట ప్రతి ఊళ్ళోనూ ఉంది.

మీ దగ్గర గొలుసు పోతే మా దగ్గరికి కార్డన్ సెర్చ్ వస్తుంది. తెల్లారి 4కి 60 మంది పోలీసులు, లాఠీలతో తలుపులు కొట్టి, పిల్లలు ఏడుస్తుంటే బండ్ల కాగితాలు అడిగి, కాగితాల్లేని బండ్లు ఎక్కించుకుపోతారు. మా అన్న బండికి కాగితాలున్నాయి, ఫైనాన్స్ వాడి దగ్గర. తెచ్చి చూపించేసరికి నాలుగు రోజుల కూలి పోయింది. ఆ పొద్దున 60 మంది దొరికారు కదా. మనుషులు లేరని ఎవరన్నారు?

మా ఆడవాళ్ళు మిర్చి ముచ్చికలు తీయడానికి కోల్డ్ స్టోరేజీలకి వెళ్తారు. ఐదున్నరకి ఆటో సర్వీసు రోడ్డు మీదకొస్తుంది, కట్ట మీద చీకట్లో నడిచి వెళ్ళాలి. రాత్రి ఎనిమిదికి అదే దారి. కట్ట కింద తుమ్మచెట్ల దగ్గర గంజాయి కొట్టేవాళ్ళు కూర్చుంటారు, ఏమేం అంటారో ఇక్కడ రాయను. నా చెల్లెలు ఇంటర్‌తో మానేసి వెళ్తోంది, ఆ అమ్మాయి చున్నీ పట్టుకు లాగారు ఒకసారి. ఫిర్యాదు చేశామా? చేయలేదు. చేస్తే ఆ అమ్మాయి పనికి వెళ్ళడం ఆగిపోతుంది, అంతకన్నా ఇంకేం జరగదు. మీ 14 మీ నోట్‌బుక్‌లో ఉన్నాయి. మావి ఎక్కడా లేవు. రేపు లెక్క చూసి బీట్ వేస్తామంటే మాకెప్పుడు వేస్తారు? సార్లు చెప్పిన 3 శాతం చిరునామాల లెక్కలో ఫోన్ చెయ్యనివాళ్ళు ఉంటారా?

సుజాత_తెనాలి

తమ్ముడూ, నువ్వు చెప్పిన టైములు చూడు. 5:30. వేపచెట్టు గారి వాళ్ళ గొలుసులు కూడా అప్పుడే, అదే కట్ట. కాలనీ వాళ్ళు విడిగా వెళ్తే మీ మీదకి పంపుతారు, అది నిజం, నేను చూశాను. కలిసి వెళ్ళి ఒకే కాగితం ఇస్తే ఆ పని చేయడం కష్టం. చెల్లెలి పేరు రాయక్కర్లేదు, వార్డు సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే ఆవిడ ద్వారా "ఈ దారిలో ఈ టైములో ఇబ్బంది" అని మాత్రం రాయించొచ్చు. చెయ్యాలో వద్దో మీ ఇష్టం, నేను చెప్పేస్తే సరిపోదు.

అర్థశాస్త్రం_సార్

కట్టమీద పేట గారి ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. ఫిర్యాదుల లెక్క మీద పోలీసుని పంపితే ఫిర్యాదు చేయగలిగినవాడి వీధికే వస్తాడు, ఇది ప్రపంచంలో అన్నిచోట్లా ఉన్న జబ్బే. క్లాసులో చెప్పినప్పుడు నేను దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తుంటాను.

తాడికొండ_రాముడు

అందుకే గూర్ఖా అన్నా.

పాత_హెచ్‌సీ

రాముడూ, గూర్ఖా కూడా 5కే దిగుతాడయ్యా.

వేపచెట్టు గారూ, వెళ్ళేటప్పుడు సీఐ దగ్గరకి కాదు, ముందు డీఎస్పీ గారి దగ్గరకి వెళ్ళండి. బీట్ టైము మార్చడం సీఐ చేతిలో పనే, కానీ పైవాడు అడిగితే చేస్తాడు. అక్కడ కుదరకపోతే సోమవారం ఎస్పీ ఆఫీసులో జనం అర్జీలు తీసుకునే పీజీఆర్ఎస్‌లో ఇవ్వండి, నంబరు పడుతుంది, నంబరు పడ్డ కాగితానికి జవాబు రాయాలి. రెండు పేజీలకి మించొద్దు. మూడో పేజీ ఎవడూ తిప్పడు, నేనూ తిప్పలేదు. "పోలీసులు పట్టించుకోవడం లేదు" అనే మాట ఎక్కడా రాయకండి. తారీకు, టైము, వీధి, ఏం పోయింది, ఎఫ్ఐఆర్ నంబరు ఉందా లేదా, ఈ ఐదు గళ్ళు గీసి నింపండి. చివర "5 నుంచి 6:30 వరకు బ్లూకోల్ట్స్ (బండి మీద తిరిగే గస్తీ పోలీసులు) ఒక రౌండు" అని ఒక్కటే అడగండి. నాలుగు అడిగితే నాలుగూ చూస్తామంటారు.

వేపచెట్టు_వీధి

ఆలస్యంగా వచ్చాను, మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

ఆదివారం మీటింగ్‌లో గొడవ గొడవ. గది వద్దని ఒప్పించడానికే గంట పట్టింది, శిలాఫలకం మీద పేర్లు ఎవరివి ఉండాలో అప్పటికే ఒక వరస తయారై ఉంది మరి. కట్ట మీద వాళ్ళని కలుపుకుందామంటే ఇద్దరు లేచి వెళ్ళిపోయారు, దొంగల్ని తీసుకెళ్ళి దొంగల మీద ఫిర్యాదా అని. ఆ మాట అన్నది మా పక్కింటాయనే, ఇప్పుడు మాటల్లేవు.

మా పక్క పేట నుంచి నలుగురు ఆడవాళ్ళు, మా వైపు నుంచి ఐదుగురం వెళ్ళాం. డీఎస్పీ గారు రెండు పేజీలూ చదివారు. గళ్ళ కాగితం మీద వేలు పెట్టి కిందిదాకా వచ్చి, "ఎఫ్ఐఆర్ లేదు, లేదు, లేదు" అని మూడుసార్లు అన్నారు, పక్కన నిలబడ్డ సీఐ గారు కిటికీలోంచి బయటకి చూశారు. కోల్డ్ స్టోరేజీకి వెళ్ళే ఒకావిడ మాత్రం మేం రాసిందంతా వదిలేసి, "అయ్యా మీరు మాకు పోలీసును పంపకపోయినా పర్లేదు, పొద్దున్నే తలుపులు కొట్టేవాళ్ళని ఆ టైముకి కట్ట మీద నిలబెట్టండి" అంది. ఎవరూ ఏం మాట్లాడలేదు కాసేపు.

అయ్యిందేంటంటే, బ్లూకోల్ట్స్ బండి 5:15కి వస్తోంది. రోజూ కాదు. వారానికి మూడు నాలుగు రోజులు, ఏ రోజో చెప్పరు, సార్ రాజస్థాన్ కథ ప్రకారం అదే మంచిదని నేను మావాళ్ళకి సర్ది చెప్తున్నా, నిజానికి మనుషుల్లేక రావడం లేదేమో. మొన్న శివరాత్రి వారం అసలు రాలేదు, కోటప్పకొండ. మున్సిపాలిటీ వాళ్ళు కట్ట మీద ఏడు లైట్లు వేస్తామని నాలుగు వేశారు. కెమెరాలు బాషా గారు చెప్పినట్టు ఆరు, సంఘం డబ్బుతో. మిగతా గొలుసులకి ఎఫ్ఐఆర్ రెండు కట్టారు, రెండు తెగని గొలుసులకి కట్టం అంటున్నారు, పోలేదు కదా అని. ప్రయత్నం కూడా నేరమే కదా హెచ్‌సీ గారూ?

గంజాయి బ్యాచ్ లైట్లు వేసిన నాలుగు స్తంభాలు దాటి ఐదో దాని దగ్గరికి జరిగింది.

పాయింట్ బుక్ గుడి గోడ నుంచి తీసి 9వ వీధి చివర కట్ట మీద స్తంభానికి కట్టారు. మొన్న మంచుకి తడిసి సిరా అంతా పాకిపోయింది, ఎవరు ఎన్నింటికి వచ్చారో ఏమీ తెలియడం లేదు. వాన పడ్డా తడవని డబ్బా, తాళం లేనిది, మూత బిగుతుగా ఉండేది ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.